ఫోన్లో చదరపు అడుగు రేటు చెప్పాను, పనయ్యాక ఏమీ మిగల్లేదు

ప్రశ్న: ఇంటీరియర్ డిజైన్‌లో డిప్లొమా చేసి, హైదరాబాద్‌లో ఒక సంస్థలో రెండేళ్లు అసిస్టెంట్‌గా చేశాను. ఈమధ్యే రాజమండ్రి వచ్చేసి సొంతంగా మొదలుపెట్టాను. మొదటి పని తెలిసినవాళ్ల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. వంటగది, వార్డ్‌రోబ్‌లు, టీవీ యూనిట్, పూజ యూనిట్ అన్నింటికీ కలిపి చదరపు అడుగుకు ఇంత అని ఫోన్లోనే చెప్పేశాను. పనయ్యాక చూస్తే చేతిలో ఏమీ లేదు. పైగా సింకు కింద అడుగు పలక ఉబ్బిందని, వార్డ్‌రోబ్ తలుపులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయని, ఒక తలుపు వంగిందని చివరి 20 శాతం ఆపేశారు. పొద్దున్నుంచీ సైట్లో, రాత్రి పదకొండు దాకా ఫోన్లో ఉంటున్నా. ఈ పని ఇలాగే ఉంటుందా? రేటు ఎలా చెప్పాలి? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఆ ఇంటి పని ముగించండి, రేటు సంగతి తర్వాత. వాళ్లు చెప్పిన మూడు లోపాలకూ కారణాలు వేరు. ఒకటి స్క్రూడ్రైవర్‌తో పోయేది, ఒకటి పలక మారిస్తే పోయేది, ఒకటి వంపు ఎక్కువైతే తలుపు మారిస్తే తప్ప పోనిది. మూడింటినీ విడదీసి రాసుకుని వెళితే మాట్లాడటం తేలికవుతుంది.

రాసుకుంటున్న తలుపులతో మొదలుపెట్టండి. హింజ్‌ల (తలుపు బందుల) స్క్రూలు తిప్పే ముందు వార్డ్‌రోబ్ పెట్టె సరిగ్గా ఉందో లేదో చూడాలి. తలుపులు తెరిచి, పై ఎడమ మూల నుంచి కింద కుడి మూలకు, మళ్లీ పై కుడి నుంచి కింద ఎడమకు టేపు పట్టండి. రెండు కొలతలూ ఒకటే రావాలి. ఒక నూలు తేడా ఉన్నా (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సుమారు 3 మిల్లీమీటర్లు, ఉత్తరాది కార్పెంటర్లు సూత్ అంటారు) పెట్టె పక్కకు ఒరిగిందన్నమాట. నేల వాలుగా ఉండటమే చాలాసార్లు కారణం. రసమట్టం పెట్టి, దిగిన మూల కింద పలచని ప్యాకింగ్ ముక్క దూర్చి, గోడకు బిగించిన స్క్రూలు ఒకసారి వదులు చేసి మళ్లీ బిగించండి. సగం తలుపులు అక్కడే సర్దుకుంటాయి.

మిగతాది హింజ్ చేస్తుంది. సాఫ్ట్ క్లోజ్ (చప్పుడు లేకుండా మూసుకునే) హింజ్‌కు సాధారణంగా మూడు సర్దుబాట్లుంటాయి: హింజ్ చేతి మీద తలుపు వైపున్న స్క్రూ తలుపును కుడి ఎడమలకు జరుపుతుంది, వెనకున్నది లోపలికీ బయటికీ, ప్లేటు మీది స్క్రూలు పైకీ కిందికీ. ఏడడుగుల తలుపుకు రెండో మూడో హింజ్‌లు వేసి ఉంటే ఎంత తిప్పినా నెల తిరక్కుండా మళ్లీ జారుతుంది. మూడడుగుల వరకు రెండు, ఐదడుగుల వరకు మూడు, ఆరున్నర వరకు నాలుగు, ఏడడుగులకు ఐదు పెట్టించండి. తలుపుకూ తలుపుకూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. మన దగ్గర వానాకాలం తేమకు ఆ మాత్రం లేకపోతే కష్టం.

వంగిన తలుపు వేరే కథ. పొడవాటి అల్యూమినియం పట్టీ తలుపు మీద నిలువుగా ఆనించి చూడండి. మధ్యలో ఒక నూలు లోపు తేడా అయితే హింజ్‌తో కళ్లు కప్పవచ్చు. అంతకు మించితే మార్చాల్సిందే, అందులో బేరం లేదు. కారణం మాత్రం కనిపెట్టండి. బయట 1 మిల్లీమీటరు లామినేట్ (ప్లైవుడ్ మీద అంటించే పలచని రంగుల షీటు) వేసి, లోపల డబ్బు మిగులుతుందని ఊరికే రంగు వేశారా? అదయితే తలుపు వంగక మానదు. ఒక ముఖం తేమ పీల్చుకుంటుంది, రెండో ముఖం పీల్చదు, తలుపు విల్లులా తిరుగుతుంది. లోపల 0.8 మిల్లీమీటర్ల లామినేట్ అయినా ఉండాలి, రెండు వైపులా ఒకే రోజు అంటించాలి, ఆ రాత్రంతా చదునైన చోట బరువు కింద ఉండాలి. గోడకు ఆనించి ఆరబెట్టిన తలుపు అక్కడే వంగిపోతుంది. ఏడడుగుల తలుపులకు ప్లైవుడ్ కంటే బ్లాక్ బోర్డు (మధ్యలో చెక్క పట్టీలు పేర్చి చేసిన పలక) నిటారుగా నిలుస్తుంది. ప్లైవుడ్డే కావాలంటే వెనక గాడి తీసి డోర్ స్ట్రెయిటెనర్ (తలుపు వంగకుండా పట్టే లోహపు పట్టీ) బిగించాలి.

ఇక సింకు కింద పలక. లామినేట్ వేసిన ప్లైవుడ్ ముఖం మీద పడ్డ నీళ్లతో అంతగా ఉబ్బదు, కోసిన అంచు నుంచి తాగి ఉబ్బుతుంది. ప్లంబర్ వచ్చి వేస్ట్ పైపు కోసం హోల్‌సాతో కన్నం వేసి వెళ్లిపోతాడు. ఆ కన్నం లోపలి అంచు పచ్చిగానే మిగులుతుంది. బాటిల్ ట్రాప్ (సింకు కింద సీసాలా ఉండే పైపు భాగం) దగ్గర ఒక్క చుక్క కారినా నేరుగా అక్కడికే. మీరు చేయాల్సింది: ఆ ఒక్క పలక తీసేసి బాయిలింగ్ వాటర్‌ప్రూఫ్ రకం వేయించండి, కన్నాన్ని పైపు కంటే అర అంగుళం పెద్దది పెట్టి లోపలి అంచుకు ఎపాక్సీ పూయించండి, ఆరాక సిలికాన్‌తో మూయండి. తర్వాత గ్రానైట్ గట్టు అడుగున చెయ్యి పెట్టి తడమండి. ముందు అంచు నుంచి అర అంగుళం లోపలికి సన్నని నీటి గాడి తగలాలి. లేకపోతే గట్టు మీది నీళ్లు రాయి అడుగునే పాకుతూ తలుపు పై అంచు మీదికి వస్తాయి. ఈసారి పలక, ఆర్నెల్లకు తలుపు. గ్రానైట్ మేస్త్రి మళ్లీ వచ్చి కిందనుంచి గాడి తీయగలడు, దుమ్ము మాత్రం చాలా లేస్తుంది.

ఈ పనులు ఒక కాగితం మీద రాసి, ఎప్పటికి పూర్తవుతాయో తేదీ వేసి, కింద “ఇవి అయిన రోజే మిగిలిన మొత్తం” అని ఒక్క వాక్యం చేర్చి ఇంటివాళ్ల సంతకం తీసుకోండి. తెలిసినవాళ్లని మొహమాటపడొద్దు. కాగితం లేకపోతే, ఇవన్నీ చేశాక గోడ రంగులో మచ్చ ఉందని మళ్లీ డబ్బు ఆపుతారు.

ఇప్పుడు రేటు. చదరపు అడుగు రేటు చెప్పడం తప్పు కాదు, అందరూ అదే చెబుతారు. ఆ చదరపు అడుగు లోపల ఏముందో చెప్పకపోవడమే మీకు నష్టం తెచ్చింది. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు వార్డ్‌రోబ్ ముందు వైపు కొలిస్తే 42 చదరపు అడుగులు. లోపల రెండు సొరుగులున్నా 42, ఆరున్నా 42. కానీ ఒక్కో సొరుగుకు ఒక జత టెలిస్కోపిక్ ఛానెళ్లు (సొరుగు జరిగే పట్టాలు), నాలుగు పక్కలు, అడుగు పలక, ముఖం, హ్యాండిల్, కార్పెంటర్‌కు కనీసం ఒక పూట. పైన అటక ఆ 42లో ఉందా, వేరే 12 అడుగులా? కనిపించే పక్క పలకకు బయటి లామినేట్ ఎవరి ఖర్చు? ఫోన్లో ఇవేవీ మాట్లాడి ఉండరు.

అదే వార్డ్‌రోబ్‌కు, లోతు రెండడుగులనుకుని, సామాను లెక్క కట్టి చూడండి. రెండు పక్కలూ, నడిమి అడ్డుపలకా కలిపి 42 చదరపు అడుగులు. పైదీ కిందదీ 24. మూడడుగుల అరలు ఆరు, 36. నాలుగు తలుపులు 42. నాలుగంగుళాల స్కర్టింగ్ (నేల దగ్గరి పట్టీ) 2. మొత్తం 146. ఎనిమిది బై నాలుగు షీటంటే 32 చదరపు అడుగులు కాబట్టి కాలిక్యులేటర్ నాలుగున్నర చూపిస్తుంది, ఐదు తెచ్చుకుంటే చాలనిపిస్తుంది. కాగితం మీద షీట్లు గీసి ముక్కలు సర్దండి. తలుపులు ఒక్కోటి అడుగున్నర వెడల్పు, షీటుకు రెండే వస్తాయి, పక్కన అడుగు వెడల్పు పట్టీ మిగులుతుంది. తలుపులకే రెండు షీట్లు పోయాయి. రెండు పక్కలకు మూడోది. అడ్డుపలక, పై పలక కలిసి నాలుగోది. కింది పలక ఐదో షీటులో సగం తింటే, మిగతా సగంలో రెండు అరలు. మిగిలిన నాలుగు అరలకు ఆరో షీటు. 18 మిల్లీమీటర్ల ప్లై ఆరు షీట్లు కావాలి, వెనక పలకకు 6 మిల్లీమీటర్లది వేరే. మిగిలిన అడుగు వెడల్పు పట్టీలు సొరుగుల పక్కలకూ స్కర్టింగ్‌కూ వాడుకోవచ్చు, అది కూడా ముందే గీసుకుంటేనే.

లామినేట్‌లో ఇంకా మోసపోతాం. బయట కనిపించేది తలుపులు 42, ఒక పక్క 14, మొత్తం 56. రెండు షీట్లు 64 కదా, సరిపోవాలి. సరిపోదు. నాలుగు తలుపులకు రెండు షీట్లూ అయిపోయి, చేతిలో అడుగు వెడల్పు పట్టీలు రెండు మిగులుతాయి. రెండడుగుల పక్క పలకకు మధ్యలో అతుకు పెట్టలేరు, మూడో షీటు తప్పదు. చెక్క గీతల డిజైన్ అయితే ముక్కను అడ్డంగా తిప్పడం కూడా కుదరదు. లోపలి వైపు ఖర్చు చాలామందికి తట్టనే తట్టదు: అరలు రెండు ముఖాలు 72, పక్కల లోపలి వైపు 28, అడ్డుపలక రెండు ముఖాలు 28, పైనా కిందా 24, వెనక 42, తలుపుల లోపల 42, మొత్తం 236. అంటే 0.8 లామినేట్ కనీసం ఎనిమిది షీట్లు. బయటికి మూడు, లోపలికి కనీసం ఎనిమిది! మీ డబ్బు ఎక్కడ పోయిందో ఈ ఒక్క లెక్కలో కనిపిస్తుంది. ఇంట్లో ప్రతి పెట్టెకూ ఇలా గీసి, ఆరోజు దుకాణం రేటు వేసి, కూలీ, హార్డ్‌వేర్, రవాణా, షీట్లు పైకెక్కించే కూలీ కలిపి, ఆ పైన మీ లాభం వేయండి. వచ్చిన మొత్తాన్ని ముందు వైపు చదరపు అడుగులతో భాగిస్తే మీ రేటు తేలుతుంది. ఇంటివాళ్లకు ఆ రేటే చెప్పండి, తప్పులేదు. అది లెక్క చివర రావాలి, మొదట కాదు.

కొటేషన్‌లో ప్రతి వరుసలోనూ మందం, రకం, కంపెనీ రాయండి. “మంచి ప్లై” అని రాస్తే గొడవ పిలిచినట్టే. వంటగది, బాత్‌రూమ్ గోడ పక్కన పెట్టెలకు ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ రకం, పొడి గదులకు ఐఎస్ 303 రకం అని విడదీసి రాయండి. షీటు మీద ముద్రించిన సీఎం/ఎల్ నంబరును (తయారీదారు లైసెన్సు నంబరు) భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, ఇంటివాళ్ల ముందే చూస్తే ఇంకా మంచిది. ముద్ర మీద ఒక కంపెనీ, యాప్‌లో మరో కంపెనీ వస్తే ఆ బండిని అలాగే తిప్పి పంపండి. బాస్కెట్‌లు, ట్యాపు పక్కనుండే సామాను 304 స్టీలువి పెట్టండి. 202 రకం చవక, మెరుపు కూడా అంతే ఉంటుంది, కాకినాడ, విశాఖ వైపు ఇళ్లలో తుప్పు మరకలు తొందరగా బయటపడతాయి. కొటేషన్ పదిహేను రోజులే చెల్లుతుందని, ఏవేవి ఇందులో లేవో (గ్రానైట్, ప్లంబింగ్, కరెంటు పని, రంగు, చిమ్నీ) కింద రాయండి.

చెల్లింపుల్లో మీరు చివరికి 20 శాతం ఉంచారు. మీ లాభం మొత్తం ఆ 20లోనే ఉంది, అందుకే వాళ్లు ఆపితే మీ ప్రాణం మీదికొచ్చింది. డ్రాయింగ్‌లు ఖాయం చేసినప్పుడు 10 శాతం, షీట్లు కొనే ముందు 45, పెట్టెలు గోడకు బిగించాక తలుపులు వేసే ముందు 30, తలుపులు పడ్డాక 10, అప్పగించిన రోజు 5 అని పెట్టుకోండి. ఐదు శాతం కోసం ఎవరూ నెలల తరబడి పోట్లాడరు, మీరూ వాళ్లూ. డిజైన్‌కు విడిగా ఫీజు తీసుకోండి, లేకపోతే మీ డ్రాయింగ్ పట్టుకుని మరో కార్పెంటర్ దగ్గరికి వెళ్లేవాళ్లు ఉంటారు. ఇంకోమాట: సామాను కూడా మీ బిల్లులోనే వేస్తే ఆ మొత్తమంతా మీ టర్నోవరే. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. మూడు నాలుగు ఫ్లాట్లకే ఆ గీత వచ్చేస్తుంది, ఇప్పుడే ఆడిటర్‌ను కలవండి.

కొలతల విషయంలో ఒకటే పట్టుదల ఉండాలి: టైల్స్ పడకముందు తీసిన కొలతతో ఏదీ కోయించొద్దు. వెడల్పును కింద, నడుము ఎత్తులో, పైన మూడుచోట్ల తీసి, చిన్నది వాడండి. మూల మట్టం చూడటానికి ఒక గోడ మీద మూడడుగులు, రెండో గోడ మీద నాలుగడుగులు గుర్తుపెట్టి, గుర్తుల మధ్య కొలవండి, సరిగ్గా ఐదడుగులు రావాలి. అపార్ట్‌మెంట్లలో రానివే ఎక్కువ. అందుకే గోడ పక్కన ఒకటి నుంచి రెండంగుళాల ఫిల్లర్ (సందు మూసే పట్టీ) వదలాలి. వంటగది ఎల్ ఆకారంలో ఉంటే మూలలోనూ వదలండి, లేకపోతే ఒకవైపు సొరుగు తెరిస్తే రెండోవైపు హ్యాండిల్‌కు తగులుతుంది. గట్టు ఎత్తు 33, 34 అంగుళాలని కళ్లుమూసుకుని పెట్టకుండా, ఆ ఇంట్లో రోజూ వండేవాళ్లను నిలబెట్టి మోచేతి నుంచి నాలుగైదు అంగుళాలు కిందికి కొలవండి. బయటికి తెరిచే తలుపులున్న వార్డ్‌రోబ్ లోతు 24 అంగుళాలు, పక్కకు జరిగే స్లైడింగ్ తలుపులైతే 27. స్లైడింగ్‌ను కూడా 24లో ఇరికిస్తే ట్రాకు మూడు అంగుళాలు తినేసి, చొక్కా చేతులు తలుపుల్లో నలుగుతాయి.

బాత్‌రూమ్‌ను ఆనుకున్న గోడకు వార్డ్‌రోబ్ వస్తుంటే, అడుగున్నర చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజు ఉంచండి. లోపల చెమ్మ పట్టిందంటే ఆ గోడ ఇంకా పచ్చిగా ఉందని. అది తేలకుండా పెట్టె బిగిస్తే, వెనక పలకకు బూజు పట్టి, ఆరు నెలలకు బట్టలు వాసన వస్తున్నాయని ఫోను.

పూజ యూనిట్‌లో దీపం పెట్టే చోట లామినేట్ ఉండకూడదు. గ్రానైట్ ముక్కో టైలో వేయండి, దీపం పైన అర ఉంటే దాని అడుగునా అంతే. పొయ్యి తూర్పు ముఖమా, సింకు ఎటు అన్న వాస్తు సంగతి మొదటి రోజే అడిగేయండి. పెట్టెలు కోశాక పెద్దవాళ్లు ఎవరో వచ్చి అంటే గ్యాస్ పైపు, చిమ్నీ కన్నం, 16 ఆంపియర్ల పాయింట్లు, నీళ్ల లైను అన్నీ కదలాలి.

పనుల వరుస మీకు తెలిసే ఉంటుంది: పగలగొట్టడం, కరెంటు గొట్టాలు, ప్లంబింగ్, సీలింగ్, పుట్టీ ప్రైమర్, ఒక కోటు రంగు, అప్పుడు చెక్కపని, గ్రానైట్, తలుపులు, చివరి కోటు. ఇందులో జారేది చివరి కోటే. పెయింటర్ మరో పని ఒప్పుకుని వెళ్లిపోతాడు. అతని డబ్బులో ఒక వంతు ఆ కోటుకు ముడిపెట్టండి. ఫాల్స్ సీలింగ్ పెడితే ఫ్యాను బరువు స్లాబ్ కొక్కేనికే వేలాడాలి, జిప్సం చట్రానికి కాదు.

రోజు ఇలాగే గడుస్తుందా అని అడిగారు. సైట్ తిరగడం తప్పదు, రాత్రి ఫోన్లు మాత్రం తగ్గుతాయి. ఉదయం కార్పెంటర్లు రంపం పట్టకముందే అరగంట అక్కడ ఉండండి. ఆరోజు కోసే ముక్కల కొలతలు కాగితం మీద రాసి గోడకు అంటించండి, నోటిమాటగా వదలొద్దు. సాయంత్రం మరో అరగంట, ఫొటోలు. మధ్యాహ్నమంతా దుకాణాలకూ డ్రాయింగ్‌లకూ. లామినేట్ నంబరు ఒకటే అయినా బ్యాచ్ మారితే రంగు తేడా వస్తుంది, కాబట్టి ప్రతి డిజైన్‌లోనూ ఒక షీటు అదనంగా ఒకేసారి తెప్పించండి. ఫోన్‌కు రాత్రి ఏడున్నర గీత పెట్టుకుని, మొదటి సమావేశంలోనే చెప్పండి. రాత్రి వాట్సాప్‌లో వచ్చే “ఇక్కడ ఇంకో అర పెడితే బాగుంటుందేమో” లాంటి మాటలకు రాత్రే సరే అనకండి. మర్నాడు పొద్దున, ఆ మార్పుకు ఇంత ఖర్చు, ఇన్ని రోజులు ఎక్కువ, సరేనా అని రాయండి. సగం మార్పులు అక్కడే ఆగిపోతాయి. మిగతా సగానికి డబ్బు వస్తుంది.

తేదీ ఇచ్చేటప్పుడు పంచాంగం దగ్గర పెట్టుకోండి. మూఢం వస్తోందంటే గృహప్రవేశాలన్నీ దానికి ముందే పడతాయి, ఊళ్లో ఉన్న నాలుగు కార్పెంటర్ బృందాలనూ అందరూ ఒకేసారి పిలుస్తారు. సంక్రాంతికి మనవాళ్లు, హోలీకీ ఛఠ్ పండక్కీ ఉత్తరాది బృందాలు ఊళ్లకు వెళితే తిరిగి రావడానికి పది పదిహేను రోజులు. అపార్ట్‌మెంట్ సంఘం డ్రిల్లింగ్‌కు ఏ వేళలు ఇచ్చిందో, ఆదివారం పని ఒప్పుకుంటారో లేదో, ఎనిమిదడుగుల షీటు లిఫ్టులో పడుతుందో లేదో వాచ్‌మన్‌ను అడిగి ఆ తర్వాతే రోజులు లెక్కపెట్టండి. ముహూర్తం రోజుకు కనీసం వారం ముందు పని ముగిసేట్టు ఒప్పుకోండి, ఆ వారం శుభ్రం చేయడానికీ తలుపులు మళ్లీ ఒకసారి సర్దడానికీ పోతుంది.

అప్పగించే రోజు ఇంటివాళ్లతో కలిసి ప్రతి సొరుగూ, ప్రతి తలుపూ తెరిచి మూసి, సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి, కింద పొడి కాగితం పరిచి చూడండి. తడవకపోతే సంతకం, చివరి ఐదు శాతం. హింజ్ సర్దుబాటుకు మూడు నెలల తర్వాత ఒకసారి ఉచితంగా వస్తామని ఆ కాగితం మీదే రాసివ్వండి, ఎలాగూ వెళ్లాల్సి వస్తుంది.